ఎర్రమిట్ట ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతారిక

కరెంటు ఆఫీసు డి.ఇ. చిదానందం గారు తన జీవితంలో మొదటిసారి చప్పట్లు విన్నది ఒక పుస్తకావిష్కరణ సభలో. అంతకు ముందు ఆయన ఎక్కడికి వెళ్ళినా జనం "కరెంటు ఎప్పుడొస్తాది సార్" అని మాత్రమే అడిగేవాళ్ళు.

ఆ పుస్తకం రాసినాయన స్తంభాలు సరఫరా చేసే కాంట్రాక్టరు. రాసింది కవిత్వం. మొత్తం ఎనభై పేజీలు. అందులో ముందుమాటలు తొమ్మిది, ఆశీస్సులు నాలుగు, అభినందనలు మూడు, చివరగా "నా మాట" అని కవిగారిది ఒకటి. ఇవన్నీ పోను కవితలకు మిగిలినవి పదకొండు పేజీలు. వాటిలో రెండు ఖాళీగా వదిలారు, పాఠకుడు ఆలోచించుకోవడానికి.

చిదానందం గారు ముఖ్య అతిథి. ఆయన వెనక కుర్చీలో, ఆయన చదవాల్సిన ప్రసంగం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని జూనియర్ అసిస్టెంటు సుంకన్న కూర్చున్నాడు. సుంకన్న ఎం.ఏ. తెలుగు. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటినవాడు అతనొక్కడే. కాబట్టి చదివిన ప్రతి ముక్కనూ జాగ్రత్తగా దాచుకున్నాడు, ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి పనికొస్తుందని. కరెంటు ఆఫీసులో చేరి మూడేళ్ళయింది. ఇంకా ఎవరికీ పనికిరాలేదు. ఆ ప్రసంగం అతను రాసిందే, పన్నెండు పేజీలు.

ముఖ్య అతిథిని సభకు పరిచయం చేయడానికి ఒక రిటైర్డు లెక్చరర్ లేచాడు. విద్యుత్తు అనగానేమి అన్న దగ్గర ఎత్తుకుని, మెరుపు మీదుగా మేఘంలోకి, మేఘంలోంచి సముద్రంలోకి దిగి, అక్కడ కాసేపు ఈది, చిదానందం గారి ముత్తాత దగ్గర ఒడ్డు చేరేసరికి గంటా ముప్పావు పట్టింది. ఒంటిగంట తరవాత ఆ హాలు ఓణీల ఫంక్షనుకు ఇచ్చేశారు. వంటవాళ్ళు గంగాళాలతో సహా లోపలికొచ్చి, ఎక్కడ దించమంటారని వేదికనే అడుగుతున్నారు. చిదానందం గారు మైకు దగ్గరికి వెళ్ళి "నమస్కారం" అన్నారు. మైకువాడు వైరు లాగేశాడు.

హాలు హాలంతా చప్పట్లు. చాలామంది లేచి నిలబడి మరీ కొట్టారు. ఎలాగూ లేవాల్సిన సమయమే అనుకోండి, కానీ వేదిక మీది నుంచి చూస్తే ఆ తేడా తెలియదు.

జీపు రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు చిదానందం గారు వెనక్కి తిరిగారు.

"సుంకన్నా, నేను ఏం మాట్లాడాను?"

"నమస్కారం అన్నారు సార్."

"ఇంకా?"

"అంతే సార్."

"ముప్పై ఏళ్ళుగా మీటింగుల్లో విషయం మాట్లాడుతున్నాను. ఒక్కడు చప్పట్లు కొట్టలేదు. ఈ రోజు విషయమే లేదు, చూశావా ఆదరణ. మన సంస్థ ఎక్కడ పొరపాటు చేస్తున్నదో నీకు బోధపడిందా?"

"లేదు సార్."

"విషయం దగ్గర" అన్నారు చిదానందం గారు. గేటు తెరుచుకుంది.

మర్నాడు పొద్దున్నే పిలుపొచ్చింది. డి.ఇ. గారి బల్ల మీద ఒక అర్జీ ఉంది. దాన్ని ఆయన వేలి కొసతో పట్టుకుని సుంకన్న ముందుకు జరిపారు.

"చదువు."

"గౌరవనీయులైన డి.ఇ. గారికి. విషయము: మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిన గురించి" అని చదివాడు సుంకన్న.

"విన్నావా? రెండో వరుసకే విషయం. ముందు ఒక పలకరింపు లేదు, ఒక వాతావరణం లేదు. ఎవడో చెప్పుల కాళ్ళతో దేవుడి గదిలోకి వచ్చినట్టు లేదూ? మన పూర్వులు ఇట్లాగే మొదలుపెట్టేవారా?"

మూడేళ్ళలో ఆ ఆఫీసులో సుంకన్నకు జవాబు తెలిసిన మొదటి ప్రశ్న అది. అతని చెవులు వేడెక్కాయి. ఉద్యోగంలో ఉన్నవాడు అటువంటప్పుడు "లేదు సార్" అని ఊరుకోవాలి. సుంకన్న మాత్రం బడిలో చెయ్యెత్తి నిలబడ్డ పిల్లవాడిలా మొత్తం చెప్పేశాడు.

కావ్యానికి ముందు అవతారిక అని ఒకటి ఉంటుందన్నాడు. అందులో మొదట ఇష్టదేవతా స్తుతి. తరవాత పూర్వకవి స్తుతి. ఆ తరవాత కుకవి నింద, అంటే చెడ్డ కవులను నాలుగు మాటలనడం. పిమ్మట దేవుడో రాజో కలలో కనిపించి ఈ కావ్యం రాయమని ఆజ్ఞాపించిన వృత్తాంతం. అటు తరవాత కృతిని అంకితం పుచ్చుకునేవాడి వంశవర్ణన. చివరికి ఆయన గుణగణాలన్నీ వరసగా "కు, కు" అని ముగిసే షష్ఠ్యంతాలు. ఇవన్నీ అయితేగాని కథలోకి అడుగుపెట్టరు. నాటకానికైతే ఇంకా ఉందన్నాడు. పూర్వరంగం, నాంది, ప్రస్తావన. పూర్వరంగానికే అంగాలు పందొమ్మిది, వాటిలో తొమ్మిది తెర వెనకే జరుగుతాయన్నాడు.

చిదానందం గారు కళ్ళు మూసుకుని విన్నారు. "పందొమ్మిది" అని ఒకసారి నెమ్మదిగా అనుకున్నారు, బెల్లం ముక్క నోట్లో పెట్టుకున్నవాడిలా.

నాలుగు రోజుల్లో ఉత్తర్వు వెలువడింది. "ఇకమీదట ఈ కార్యాలయమునకు సమర్పించబడు యావత్తు అర్జీలు, ఈ కార్యాలయము నుండి జారీ చేయబడు యావత్తు ఉత్తర్వులు, ఫోనుల ద్వారా గాని ముఖతః గాని జరుపబడు యావత్తు సంభాషణలు సమగ్రమైన అవతారికతో కూడి ఉండవలెను. అవతారిక ఆమోదము పొందనిదే విషయము స్వీకరించబడదు." ఈ రెండు వాక్యాలూ ఉత్తర్వులో ఏడో పేజీలో ఉన్నాయి. ముందు ఆరు పేజీలు దాని అవతారిక. సిబ్బందిలో సగం మంది మూడో పేజీ దాకా చదివి, డి.ఇ. గారికి ఏదో సన్మానం కాబోలనుకుని చందాలెంతని అడిగారు.

అవతారికల విభాగానికి సుంకన్న ఇన్‌ఛార్జి. విభాగంలో ఇంకెవరూ లేరు.

అతని బల్ల ముందుకొచ్చిన మొదటి మనిషి ఎర్రమిట్ట ఉసేనమ్మ. డి.ఇ. గారు సుంకన్న చేత చదివించిన అర్జీ ఆమెదే. యాభై దాటిన మనిషి, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో అర్జీకి మూడు నకళ్ళు. ఎర్రమిట్టలో పద్దెనిమిది మోటార్లకు ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. అది కాలిపోయింది. దాని కింద అరవై ఎకరాల మిరప పూత మీదుంది. ఎర్ర నేల, తేమ నిలవదు. ఇంకో పది రోజులు నీళ్ళు పెట్టకపోతే పూత రాలిపోతుంది, ఆ తరవాత పెట్టినా లాభం లేదు.

"మా ట్రాన్స్‌ఫారం రిపేరై వచ్చేసింది నాయనా" అంది ఉసేనమ్మ. "ఆ షెడ్డులోనే ఉండాది. దాని పొట్ట మీద మా ఊరిపేరు పెయింటుతో రాసినారు, నేనే చూసొచ్చినా. సారు ఒక సంతకం చేస్తే ట్రాక్టర్లో ఏసుకొని పోతాం."

ఇంతలో ఆమె వెనకే స్టోర్‌కీపర్ దస్తగిరి వచ్చాడు. "నిజమే సుంకన్నా. నా కాళ్ళకు అడ్డం పడతాంది రోజూ. ఆర్డరు కాగితం ఇస్తే చాలు, నేను ఎక్కిస్తా. ఎవురు, ఏమి, యాడికి, ఎప్పుడు. నాలుగు ముక్కలు, కింద సంతకం."

"అవతారిక లేదు పెద్దమ్మా" అన్నాడు సుంకన్న ఇబ్బందిగా.

"అది యా ఆఫీసులో ఇస్తారు?"

"మనమే రాయాల. ముందు ఇష్టదేవతను పొగడాల."

"మా ఇష్టదేవత సుంకులమ్మ. నీ పేరు గూడ ఆ తల్లిదే గదా. రాసుకో."

సుంకన్న రాసుకున్నాడు. పూర్వకవుల చోట ఏం రాయాలో ఉత్తర్వులో స్పష్టంగా ఉంది: పూర్వం పనిచేసిన అధికారులు. ఉసేనమ్మ కాసేపు ఆలోచించి, పన్నెండేళ్ళ కింద ఒక లైన్‌మ్యాన్ ఉండేవాడని, వర్షంలో స్తంభమెక్కి తీగ కలిపిపోయాడని, మజ్జిగ ఇస్తే కూడా తాగలేదని చెప్పింది. పేరు తెలియదంది. అంతకు మించి పొగడడానికి ఆమెకు ఎవరూ గుర్తురాలేదు.

"ఇప్పుడు నింద" అన్నాడు సుంకన్న.

"అంటే?"

"చెడ్డవాళ్ళను నాలుగు మాటలనాల."

"ఎవుర్ని?"

"ఎవరినైనా. ఈ ఆఫీసుకు సంబంధించినవాళ్ళను."

ఉసేనమ్మ కవరు కింద పెట్టింది. కొంగు నడుముకు దోపింది. ఆమె చెప్పడం మొదలుపెట్టాక సుంకన్న రెండు రీఫిళ్ళు మార్చాడు. పక్క సెక్షన్లవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. ఎవరిని అంటున్నదో వాళ్ళలో ఇద్దరు అక్కడే ఉన్నారు గానీ, ఆ ఉపమానాలకు ముచ్చటపడి కదలలేకపోయారు. మొత్తం పద్నాలుగు పేజీలయింది.

"ఇంత బాగా ఎట్లా చెప్పినావు పెద్దమ్మా?"

"దీనికి చదువెందుకు నాయనా. ఆర్నెల్లు ఈ ఆఫీసుకు తిరిగితే చాలు."

కల దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. దేవత కలలో కనిపించి అర్జీ పెట్టుకొమ్మని ఆజ్ఞాపించి ఉండాలి.

"నిద్ర పడితే గదా కల వచ్చేది" అంది ఉసేనమ్మ. "పూత రాల్తాంటే ఎవురికి పడతాది నిద్ర?"

"ఒక్క పూట పడుకొని రా పెద్దమ్మా. ఊరి రెవెన్యూ ఆయనతో కల వచ్చినట్టు సర్టిఫికెట్టు గూడ తేవాల."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆ మాట అన్నది సుంకన్నేనా అన్నట్టు చూసిందంతే. మూడో రోజు సర్టిఫికెట్టు తెచ్చింది. "సదరు స్వప్నము సక్రమముగా వచ్చినదని విచారించి ధ్రువీకరించడమైనది" అని దాని మీద గుండ్రటి ముద్ర కూడా ఉంది.

డి.ఇ. గారు మొత్తం చదివారు. నింద దగ్గర రెండుసార్లు కళ్ళు తుడుచుకుని నవ్వారు. ఆపై కాగితం తిరిగిచ్చేశారు.

"నింద పద్నాలుగు పేజీలు, స్తుతి నాలుగు వరుసలు. తూకం లేదు. స్తుతి పెంచి పునఃసమర్పించవలెను."

"సార్, పూత..."

"సుంకన్నా, ఏ అవతారికా లేకుండా 'సార్ పూత' అంటావా? నువ్వే ఇట్లా అంటే ఎట్లా?"

సుంకన్న బయటికి వచ్చేశాడు. కిటికీలోంచి షెడ్డు కనిపిస్తోంది. షెడ్డులో ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తోంది. దాని పొట్ట మీది ఊరిపేరు కూడా కనిపిస్తోంది. అక్కడికి యాభై అడుగులు.

ఈలోగా అవతారిక ఊళ్ళోకి పాకింది. ఆఫీసు ఎదుటి జిరాక్సు షాపుకు "ఇచ్చట అన్ని రకముల అవతారికలు సిద్ధముగా లభించును: వ్యవసాయము, గృహము, పిండిమర" అని బోర్డు వెలిసింది. సుంకన్నకు పాఠం చెప్పిన మాస్టారొకాయన, జీవితమంతా ఎవరూ వినని పద్యాలు చెప్పి రిటైరైనవాడు, చెట్టు కింద కుర్చీ వేసుకుని షష్ఠ్యంతాలు రాసిస్తున్నాడు. ఆయన మొహంలో ఎన్నడూ లేని తేజస్సు.

ఫ్యూజు పోయిందని ఎవరైనా ఫోను చేస్తే అవతల నుంచి ముందు దేవతాస్తుతి వినిపించేది. అది ముగిసేలోపు ఒక్కోసారి కరెంటు వచ్చి మళ్ళీ పోయేది. స్తంభం మీదున్న లైన్‌మ్యాన్ "లైన్ ఇవ్వు" అని ఊరికే అనడానికి లేదు. ముందు తన గురుపరంపర చెప్పుకోవాలి. అవతల సబ్‌స్టేషనులో ఆపరేటరు అది విని, తన పరంపర చెప్పాలి. ఒకనాడు ఆ ఇద్దరి పరంపరలూ వెనక్కి పోగా పోగా ఒకే మేనమామ దగ్గర కలిశాయి. ఆ పూట ఊరికి కరెంటు రాలేదుగాని వాళ్ళిళ్ళలో ఒక పెళ్ళిసంబంధం ఖాయమైంది.

అపాయం బోర్డుల సంగతి మరీ చిత్రం. పుర్రె బొమ్మ వేసి "అపాయం" అని ఒక్క ముక్కలో అనడం అనాగరికమని డి.ఇ. గారు కొత్త బోర్డులు రాయించారు. "ఓ బాటసారీ, ఈ స్తంభమును సామాన్యమైనదిగా భావింపకుము" అని మొదలై, నలభై రెండు వరుసలు సన్నటి అక్షరాల్లో సాగి, చివరి వరుసలో "కావున ముట్టుకొనరాదు" అని ఉంటుంది. అక్షరాలు సన్నవి కాబట్టి దగ్గరికి పోతేగాని కనపడవు. చదువంటే ఇష్టమున్న గొర్రెల కాపరి ఒకడు ముప్పై తొమ్మిదో వరుస దాకా చదివి, కాళ్ళు లాగుతుంటే కాస్త ఆనుకుందామని స్తంభం మీద చెయ్యి వేశాడు. అదృష్టం కొద్దీ అప్పుడు కరెంటు లేదు. కరెంటు లేకపోవడం వల్ల ఒక నిండు ప్రాణం దక్కిందని ఆ నెల నివేదికలో విజయాల కింద రాశారు.

ఏడో రోజున ఉసేనమ్మ స్తుతి పెంచుకుని వచ్చింది. చెట్టు కింది మాస్టారు రాసిపెట్టాడు, ఇరవై పేజీలు. అంతా తూకంగా ఉంది. సుంకన్న ఆశగా డి.ఇ. గారి గదిలోకి తీసుకెళ్ళాడు.

గది మధ్యలో ఎర్రటి తెర వేలాడుతోంది. చిదానందం గారి గొంతు తెర వెనక నుంచి వచ్చింది.

"అవతారిక సర్వాంగ సుందరముగా ఉన్నది. అయితే ఒక మౌలికమైన లోపం గమనించాను. అవతారికకు ముందు ఏమీ లేదు. అవతారిక హఠాత్తుగా మొదలవుతున్నది. దానికి పూర్వరంగం అవసరం. పందొమ్మిది అంగాలు, ఒక్కో అంగానికి ఒక ఫారం. మొదటి తొమ్మిది తెర వెనక పరిశీలిస్తాను."

"ఎన్నాళ్ళు పడుతుంది సార్?"

"కళకు కాలపరిమితి విధించరాదు."

సుంకన్న బల్ల దగ్గరికి తిరిగొచ్చి ఉసేనమ్మకు ఆ మాట చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండు అనిపించింది అతనికి. కవరులోంచి ఒక చిన్న పొట్లం తీసి బల్ల మీద విప్పింది. వడలిన మిరప పూలు, తెల్లగా, గుప్పెడు.

"ఇయ్యి ఈ పొద్దు రాలినయ్యి. ఇంకా చెట్లకు ఉండాయి. మూడు రోజులు ఉంటాయి." ఆమె లేచింది. "ఒక మాట అడుగుతా నాయనా. ఈ అవతారికో ఏమో, దాని సంగతి మీ సారుకు ఎవురు చెప్పినారు?"

సుంకన్న తల దించుకున్నాడు.

"నేనే చెప్పినా పెద్దమ్మా."

"అంత చదువు చదివినోడివి. దాన్నించి బయటపడేది గూడ చదివే ఉంటావులే" అని ఆమె వెళ్ళిపోయింది.

సుంకన్న రూలు తప్పే మనిషి కాదు. వాళ్ళ నాన్న మిరప కళ్ళాల్లో కూలి చేసి చదివించింది కొడుకు రూలు ప్రకారం బతకాలనే. డి.ఇ. గారి సంతకం దొంగతనంగా పెట్టడం అతనికి ఊహకు కూడా రాదు. అందుకని ఉత్తర్వు తీసి, ఏడు పేజీలూ మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అవతారిక ఎట్లా ఉండాలో అందులో ఉంది. విషయం ఎప్పుడు స్వీకరించాలో ఉంది. అవతారికలో ఏం ఉండకూడదో మాత్రం ఎక్కడా లేదు.

దారి వెతకాల్సిన పని కూడా లేకుండా తొమ్మిదో రోజున, మర్నాడే పై అధికారి ఎస్.ఇ. గారు వస్తున్నారని ఖాయమైంది. డి.ఇ. గారి పద్ధతి సంగతి పైదాకా పాకిందట. స్వయంగా చూసి, నచ్చితే జిల్లా అంతటా అమలు చేస్తారట. చిదానందం గారు సుంకన్నను తెర ఇవతలకు వచ్చి మరీ పిలిచారు.

"సభకు అవతారికగా నా మీద ఒక వర్ణన రాయి. సభలో నువ్వే చదవాలి. నకళ్ళు అన్ని విభాగాలకూ ముందే చేరాలి, స్టోరుతో సహా. ఎవరికీ తెలియలేదనే మాట రాకూడదు."

"అట్లాగే సార్. మీ వంశం, గుణాలు, చేసిన పనులు అన్నీ పెడతాను."

"పనులెందుకు?"

"చేసిన మేళ్ళు చెప్తేనే వర్ణన నిండుగా ఉంటుంది సార్. పద్ధతి."

"పద్ధతయితే పెట్టు."

సుంకన్న ఆ రోజంతా రాశాడు. అంత శ్రద్ధగా పరీక్ష కూడా రాయలేదు. మర్నాడు పొద్దున్నే డి.ఇ. గారు పేజీలు అటూ ఇటూ తిప్పారు.

"విశేషణాలు ఎన్ని?"

"నూట ఎనిమిది సార్."

"విషయం ఏమైనా దొర్లిందా?"

"'విషయము' అనే మాటే ఎక్కడా లేదు సార్."

చిదానందం గారు తృప్తిగా ప్రతి పేజీ కింద సంతకం చేశారు. నకళ్ళు అన్ని విభాగాలకూ వెళ్ళాయి. స్టోరు నకలు తీసుకుని దస్తగిరి నాలుగో పేజీ దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు. సుంకన్న వైపు చూశాడు. సుంకన్న మాత్రం కిటికీ వైపు చూస్తున్నాడు.

పదకొండు గంటలకు సభ మొదలైంది. ఎస్.ఇ. గారు వేదిక మీద, పక్కన చిదానందం గారు, వెనక ఎర్ర తెర. సుంకన్న చదవడం మొదలుపెట్టాడు. వంశం అయింది. బాల్యం అయింది. చిన్నప్పుడు చిదానందం గారు టార్చిలైటు విప్పి మళ్ళీ బిగించిన ఘట్టం దగ్గర ఎస్.ఇ. గారు తల పంకించారు. నాలుగో పేజీ వచ్చింది. సుంకన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏ మహానుభావుడు ఎర్రమిట్ట గ్రామ వాస్తవ్యుల మొర నాలకించినవాడై, నేటి దినమున, అనగా పదిహేడవ తేదీ ఉదయము పదకొండున్నర గంటలకు, స్టోరు షెడ్డునందు మూడవ వరుసలో నున్నట్టి వంద కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరును ట్రాక్టరు మీద నెక్కింపజేసి, లైన్‌మ్యానును వెంట నంపి, సాయంత్రము నాలుగు గంటల లోపల బిగింపజేసెనో, అట్టి కరుణాసముద్రునకు..."

చిదానందం గారి మొహంలో చిరునవ్వు అట్లాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. ఆయన నోరు తెరిచారు.

"ఆహా" అన్నారు ఎస్.ఇ. గారు. "ఈ రోజే పంపిస్తున్నారా? మా దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కదలాలంటే ఆరు వారాలు. చిదానందం గారూ, పని చేసి కూడా చెప్పుకోకుండా స్తుతిలో దాచడం, అదీ సంస్కారం."

సభ చప్పట్లు కొట్టింది. చిదానందం గారు ఆ చప్పట్లు విన్నారు. తెరిచిన నోరు మూసుకుని చేతులు జోడించారు.

బయట ట్రాక్టరు స్టార్టయింది. కిటికీ అద్దాలు అదిరాయి.

"ఆ శబ్దం ఏమిటి?" అన్నారు ఎస్.ఇ. గారు.

"అవతారిక సార్. నాలుగో పేజీ" అన్నాడు సుంకన్న.

వర్ణనలో ఇంకా తొంభై ఒక్క విశేషణాలున్నాయి. సుంకన్న ఒక్కటీ వదలకుండా, తొందరపడకుండా చదివాడు. భోజనాలు ముగిశాక ఎస్.ఇ. గారు పూర్వరంగం చూస్తామన్నారు. తెర వెనక తొమ్మిది అంగాలు నడుస్తుండగా, మూడూ నలభైకి సుంకన్న జేబులో ఫోను మోగింది. వరండాలోకి వెళ్ళి తీశాడు.

"నీళ్ళొచ్చినాయి నాయనా" అంది ఉసేనమ్మ. వెనక మోటార్ల హోరు. ఇంకెవరో కాలువ గట్టు తెగిందని అరుస్తున్నారు. "పద్దెనిమిదీ ఆడ్తాండాయి. పూత నిలబడతాది." ఆ వెంటనే ఫోను పెట్టేసింది. పలకరింపు లేదు, స్తుతి లేదు, సెలవు లేదు. సుంకన్న ఆ వాక్యాన్ని చాలాసేపు చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు.

సభ మర్నాడు చిదానందం గారు పిలిచారు. తెర ఇంకా ఉంది. ఆయన తెర ఇవతలే కూర్చున్నారు.

"ట్రాన్స్‌ఫార్మర్ ఎవరి ఉత్తర్వుతో వెళ్ళింది?"

"మీదే సార్. నాలుగో పేజీ కింద సంతకం."

"అది వర్ణన."

"వర్ణనే సార్. కాకపోతే అందులో ఉన్నవన్నీ నిజాలు కావాలి గదా సార్. లేకపోతే ఎస్.ఇ. గారికి అబద్ధం చదివినట్టవుతుంది."

చిదానందం గారు పెన్ను మూత పెట్టి తీసి పెట్టారు. "విషయం స్వీకరించకుండానే పని జరిగిపోయింది. అవతారిక ఉంది, పని ఉంది, మధ్యలో విషయం లేదు. ఈ ఫైలును ఏమని మూసివేయాలి? ఇది సంస్థకు పెద్ద ప్రమాదం. నీ మీద మెమో తప్పదు."

"చిత్తం సార్."

"అభియోగపత్రం తయారు చేయాలి." ఆయన ఉత్తర్వు తీసి ఏడో పేజీ చూశారు. "రూలు ప్రకారం దానికీ అవతారిక కావాలి."

"కావాలి సార్."

"అవతారికల విభాగానికి పంపుతాను."

విభాగంలో ఉన్నది సుంకన్నే. సాయంత్రానికి ఫైలు అతని బల్ల మీదికి వచ్చింది, ఎర్ర దారంతో కట్టి. పైన సుంకన్న పేరు, కింద ఖాళీ.

సుంకన్న దాన్ని పక్కన పడేయలేదు. అటువంటి మనిషి కాదు. ఎస్.ఇ. గారు వెళ్ళిన పదిహేను రోజులకు జిల్లా అంతటా అవతారిక అమల్లోకి వచ్చింది. దాంతో మెమోలకు ఏ దేవతను స్తుతించాలో పై నుంచి స్పష్టత కోరాల్సి వచ్చింది. ఆ స్పష్టత అవతారికతో సహా రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తరవాత సుంకన్న రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక గంటసేపు దాని మీదే కూర్చుంటున్నాడు. కొట్టివేతల్లేకుండా, గుండ్రటి అక్షరాలతో.

ఎర్రమిట్టలో మొదటి కోత అయింది. రెండో కోత కూడా అయింది. కళ్ళాలు ఎర్రగా పరిచి ఉన్నాయని దస్తగిరి చూసొచ్చి చెప్పాడు.

ప్రతి సోమవారం చిదానందం గారు పిలిచి అడుగుతారు.

"నీ అభియోగపత్రం ఎంతదాకా వచ్చింది?"

"పూర్వాధికారుల స్తుతిలో ఉన్నాను సార్. పాత రిజిస్టర్లు తిరగేస్తున్నాను. స్తంభాలు కర్రవిగా ఉన్న కాలం దాకా వచ్చాను."

"నింద ఇంకా మొదలుపెట్టలేదా?"

"అది స్తుతి అయ్యాక గదా సార్. నన్ను నేను తిట్టుకోవాలి. పద్నాలుగు పేజీలకు తగ్గితే బాగుండదు."

చిదానందం గారు కళ్ళు మూసుకుని తల ఊపారు.

"నీ మీద మెమోనే గదా అని అశ్రద్ధ చెయ్యకు సుంకన్నా. తొందరేం లేదు. బాగా రావాలి."